కంటి మీద కాకిబంగారం

స్మోకీ ఐ వేసుకోవడానికి ఒక క్రమం ఉంది. ముందు రెప్ప మీద ప్రైమర్ పల్చగా రాసి ఆరనివ్వాలి. లేకపోతే కాసేపటికే రంగంతా రెప్ప మడతలోకి జారిపోతుంది. ప్యాలెట్‌లో ఉన్న మధ్యరకం గోధుమరంగును మెత్తటి బ్రష్‌తో ఆ మడతలో అటూ ఇటూ తుడవాలి. తర్వాత ముదురురంగు. నలుపు కావచ్చు, బొగ్గురంగు కావచ్చు, వంకాయరంగు కావచ్చు. దాన్ని రెప్పవెంట్రుకల మొదళ్ళలో దట్టంగా అద్ది, పైకి పోయేకొద్దీ పల్చబడేలా చెయ్యాలి. కింది రెప్ప వెంబడి కూడా కాస్త. రెప్ప నడుమ మెరుపురంగు పెట్టాలి. మెరుపు బ్రష్‌కన్నా వేలికే బాగా లొంగుతుంది. చివరికి ఏ రంగూ లేని శుభ్రమైన బ్రష్ తీసుకుని అంచులన్నీ కలిపెయ్యాలి. పనితనమంతా ఈ కలపడంలోనే ఉంది. ఏ రంగు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో చూసేవాళ్ళకు తెలియకూడదు. ఎక్కడైనా గీత కనబడిందా, పని చెడినట్టే. పొగకు అంచు ఉండదు కదా.

ఇంత ఓపికగా కళ్ళు తీర్చుకుని గడప దాటిన స్త్రీని లోకం అడిగేది ఒకే ప్రశ్న: "ఎవరి కోసం?" ఇంట్లో పెద్దవాళ్ళు నోటితో అడుగుతారు. పనిచేసే చోట చూపుతో అడుగుతారు. స్త్రీవాదులం మనం కూడా సిద్ధాంతభాషలో ఇదే అడుగుతాం. దానికి ఇప్పటి అమ్మాయిలు తడుముకోకుండా చెప్పే జవాబు, "నా కోసమే." ఈ ప్రశ్నా, ఈ జవాబూ రెండూ అద్దం ముందే ఆగిపోతున్నాయని నా అభిప్రాయం. కంటిని చూసేవాళ్ళ గురించి, చూపించుకునే ఆమె గురించి చాలా మాట్లాడుకున్నాం. కంటి మీద ఉన్న ఆ రంగుపొడి గురించి, అది అక్కడికి చేరిన దారి గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు. అలంకరణలో అసలు నైతిక ప్రశ్న అక్కడుందని చెప్పడానికే ఈ వ్యాసం. కాని ముందు ఆ పాత ప్రశ్న ఎందుకంత బలంగా పాతుకుందో చూడాలి.

తెలుగువాళ్ళకు కంటి నలుపు కొత్త కాదు. అయితే మన నలుపు ఒక గీత. కాటుకను మనం పూయం, దిద్దుతాం. అక్షరాలు దిద్దుతాం, తప్పులు దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, కాటుక దిద్దుతాం. దిద్దడమనే మాటలో రాయడమూ ఉంది, సరిచెయ్యడమూ ఉంది. దిద్దిన కాటుక తన హద్దులో ఉంటుంది. హద్దులో ఉన్నంతసేపు అది అందమూ, మంగళమూ. చెరిగిందంటే మాత్రం అర్థాలు మొదలవుతాయి. చెరిగిన కాటుకకు మన కావ్యాలలో సాధారణంగా రెండే అర్థాలు. ఆమె ఏడ్చిందని ఒకటి, రాత్రి ఒంటరిగా లేదని ఇంకొకటి. అష్టవిధ నాయికలలో ఖండితను గుర్తు చేసుకోండి. రాత్రంతా ఎదురుచూసిన ఆమె ముందుకు తెల్లవారాక నాయకుడు వస్తాడు, పెదవి మీద మరొకామె కాటుకతో. ఆ మరక అతని మీద సాక్ష్యం. ఆ మరొకామె ఎవరు, ఆమె రాత్రి ఆమెకెలా గడిచింది అనేవి శాస్త్రానికి అక్కర్లేదు. చెదిరిన నలుపు స్త్రీ గురించి ఇతరులు చదువుకునే వాక్యమే తప్ప ఆమె తన గురించి రాసుకున్నది కాదు.

పడమటి దేశాలలో ఈ చెదిరిన నలుపుకు తెర మీద స్థానం దొరికింది. 1917లో వచ్చిన మూకీ చిత్రం 'క్లియోపాత్రా'లో థెడా బారా కళ్ళచుట్టూ దట్టించిన చీకటి ఒక తరానికి గుర్తుండిపోయింది. దానికి సాంకేతిక కారణం కూడా ఉంది. ఆ కాలపు ఫిల్ముకు ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడేవి. నీలికళ్ళు తెర మీద వెలిసిపోయినట్టు కనబడేవి. వాటిని నిలబెట్టాలంటే చుట్టూ నలుపు కావాలి. ఆ అవసరమే కొన్నాళ్ళకు స్వభావమైపోయింది. నల్లటి కళ్ళున్న ఆమె మగవాణ్ణి నాశనం చేసే 'వాంప్' అయింది. 1937లో ఫాక్స్ స్టూడియో గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదంలో బారా సినిమాలు చాలావరకు కాలిపోయాయి. నటనంతా పోయి ఫొటోలలో ఆ కళ్ళు మాత్రం మిగిలాయి.

మన సినిమా ఈ వ్యాకరణాన్ని తన పద్ధతిలో నేర్చుకుంది. కథానాయికకు తోక తీసిన కాటుకగీత, క్లబ్బులో ఆడే అమ్మాయికి రెప్పనిండా నీలం, వెండి, నలుపు. గీత ఉన్న ఆమెకు చివర్లో పెళ్ళి. నీడ ఉన్న ఆమెకు ఒక పాట, తర్వాత ఒక తూటా. జ్యోతిలక్ష్మి, జయమాలిని, సిల్క్ స్మితల కళ్ళను ప్రేక్షకులు ఎంత ఇష్టంగా చూశారో ఆ కళ్ళున్న మనుషులను అంత దూరంగా పెట్టారు. 1996లో చనిపోయిన స్మిత సినిమాల్లోకి వచ్చిన కొత్తలో ఒక నటికి మేకప్ సరిచేసే సహాయకురాలిగా పనిచేసిందంటారు. తెర మీద ఆ కళ్ళను చూసినవాళ్ళకు ఒకప్పుడు ఇతరుల ముఖాలకు రంగద్దిన ఆ చేతుల సంగతి తట్టి ఉండదు.

"ఎవరి కోసం?" అన్న ప్రశ్న వెనక ఇంత చరిత్ర ఉంది. అది కుతూహలంతో అడిగేది కాదు. నువ్వు గీతవా, నీడవా అని తేల్చుకోవడానికి అడిగేది. అందుకే అది ఆడవాళ్ళకే పరిమితమైంది. మీసానికి రంగేసుకుని క్లాసుకొచ్చే ప్రొఫెసర్ గారిని "ఎవరి కోసమండీ?" అని అడిగినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. సదస్సులో పత్రం చదివే స్త్రీ రెప్పల మీద రంగుంటే మాత్రం ఆ పత్రం బరువు ఎవరికి వాళ్ళు కాస్త తగ్గించుకునే వింటారు. ఆ తగ్గించడంలో మనవాళ్ళు కూడా ఉంటారు.

స్త్రీవాదం ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోలేదు. సిమోన్ ద బోవా 1949లోనే 'సెకండ్ సెక్స్'లో అలంకరణకు రెండు ముఖాలున్నాయని చూసింది. అలంకరణతో స్త్రీ తనను ఒక వస్తువుగా మలిచి లోకానికి అందిస్తుంది. అదే సమయంలో, ఇంటిపనితో ఇంటిని తనది చేసుకున్నట్టు ఈ పనితో తన దేహాన్ని తనది చేసుకుంటున్నానని కూడా అనుకుంటుంది. 1975లో లారా మల్వీ సినిమాలో చూపు ఎవరిదని అడిగింది. తెలుగులో జయప్రభ 'చూపులు' కవిత ఆ మాటను మన వీధుల్లోకి, బస్సుల్లోకి తెచ్చింది. 1988లో శాండ్రా బార్ట్‌కీ ఇంకొంచెం ముందుకెళ్ళి, రోజుకు ఎన్నోసార్లు అద్దంలో తన రంగు చెదిరిందేమోనని చూసుకునే స్త్రీని ఫూకో చెప్పిన ఖైదీతో పోల్చింది. కాపలావాడు బయట అక్కర్లేదు, లోపలే ఉన్నాడంది. 1990లో నవోమి వుల్ఫ్ 'బ్యూటీ మిత్' వచ్చింది. 2018లో హీథర్ విడోస్ అందం ఇప్పుడొక నైతిక ఆదర్శంగా మారిందనీ, దాన్ని అందుకోకపోవడాన్ని బద్ధకంగా, తప్పుగా చూస్తున్నారనీ వాదించింది.

ఇవన్నీ చదివాక కూడా "నా కోసమే" అన్న మాటను అబద్ధమని కొట్టెయ్యలేను. నేనూ వేసుకుంటాను. తలుపు వేసుకుని, ఎవరికీ వడ్డించకుండా, ఎవరి ఫోనూ తియ్యకుండా సొంత ముఖంతో గడిపే పావుగంట మన ఇళ్ళల్లో చిన్న విషయం కాదు. చేతికి పనితనం వస్తున్నకొద్దీ కలిగే తృప్తి కూడా నిజమైనదే. ముగ్గు వేసిన చేతికి, ఎంబ్రాయిడరీ చేసిన చేతికి కలిగే తృప్తి లాంటిది. అయితే ఆ మాట చెప్పుకునే వీలు అందరికీ లేదు. విమానంలో, హోటల్ రిసెప్షన్‌లో, టీవీ తెర మీద పనిచేసే ఎందరికో కంటిరంగు యూనిఫాంలో భాగం. వాళ్ళకు అది సంతోషమూ కాదు, లొంగుబాటూ కాదు. జీతం ఇవ్వని అదనపు డ్యూటీ.

పైన చెప్పిన క్రమంలో ఒక మెట్టు ఇంకా చెప్పలేదు. రంగులు మొదలుపెట్టేముందు చాలామంది కంటికింది నల్లటి వలయాలను కన్సీలర్‌తో కప్పుతారు. ఆ నలుపులో చాలావరకు కొనుక్కోకుండా వచ్చింది. రాత్రి మూడుసార్లు లేచిన బిడ్డవల్ల వచ్చింది. ఇల్లు సర్దుకున్నాక దిద్దిన జవాబు పత్రాలవల్ల వచ్చింది. రక్తహీనతవల్ల వచ్చింది. కొందరికి భర్త చేతివల్ల వచ్చింది. కట్టెలపొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకున్న ఆడవాళ్ళు పొగ కళ్ళల్లోనే బతికారు, వాటినెవరూ స్మోకీ ఐ అనలేదు. ఈ నలుపునంతా కప్పేసి, దాని మీదుగా ఇంకొక నలుపు వేస్తాం. కొన్నది, ఎంచుకున్నది, రాత్రికి తుడిచేసుకోగలిగేది. నలుపుతో లోకానికి పేచీ లేదు. శ్రమ జాడ ఉన్న నలుపుతోనే పేచీ. సౌందర్యం అడిగే మొదటి షరతు పని చేసిన గుర్తులు ముఖం మీద ఉండకూడదనేది.

ఇది మన ముఖం మీద మాత్రమే జరిగే పని కాదు. ఆ రంగుల పెట్టె మీద కూడా అదే జరిగింది.

ఒక ప్యాలెట్ తీసుకుందాం. అమెరికాలో అర్బన్ డికే అనే సంస్థ 2010లో 'నేకెడ్' పేరుతో 12 రంగుల పెట్టె తెచ్చింది. గోధుమ, కంచు, బూడిద ఛాయలున్న ఆ పెట్టె ఎంత పేరు తెచ్చుకుందంటే అలాంటివే డజన్లకొద్దీ ఇతర కంపెనీలు తీసుకొచ్చాయి. 2018లో దాన్ని ఆపేశారు గాని ఆ ఒరవడి అలాగే ఉంది. సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఆ పెట్టెలో రంగులకన్నా పేర్లు ఆసక్తి. మొదటి గడిలో వర్జిన్, దాని పక్కనే సిన్. అంటే కన్య, పాపం. ఇంకాస్త అవతల పొగమంచుకు స్మాగ్, తుపాకి లోహానికి గన్‌మెటల్. ఖండితకూ వాంప్‌కూ మధ్య ఉన్న కథంతా పన్నెండు గడుల్లో సర్దేశారు. ఇక 'నేకెడ్' అన్నమాట. ఏమీ వేసుకోనట్టు కనిపించే రంగు అని దాని భావం. ఎవరి చర్మం మీద? ఆ లేత ఛాయల్లో సగం మన చామనఛాయ మీద, నలుపు మీద బూడిద రాసినట్టు తేలిపోతాయి. ఎవరి చర్మాన్ని సహజం అనుకున్నారో పెట్టె మీది పేరే చెబుతోంది.

పేర్లన్నీ పెట్టె ముందువైపు ఉంటాయి. వెనకవైపు, ఇలాంటి ఏ ప్యాలెట్ మీదైనా, చీమతలలంత అక్షరాల్లో అందులో కలిసిన పదార్థాల జాబితా ఉంటుంది. అక్కడ పేర్లు తగ్గిపోయి అంకెలు వస్తాయి. సి.ఐ. 77499 అంటే ఇనుము నుంచి వచ్చే నలుపు. సి.ఐ. 77891 అంటే టైటానియం తెలుపు. సి.ఐ. 77019 అంటే మైకా. మనం అభ్రకం అంటాం. ఇంకా పాతమాట కాకిబంగారం.

కాకిబంగారం! మెరుపు మాత్రమే ఉండి విలువలేని వస్తువుకు మన భాష పెట్టిన పేరు అది. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం ప్రాంతాల వాళ్ళకు ఈ రాయి బాగా తెలుసు. అక్కడి గనుల అభ్రకం ఒకప్పుడు దేశాలు దాటింది. వేడిని తట్టుకుంటుంది, కరెంటును ఆపుతుంది కాబట్టి ఇస్త్రీపెట్టెల్లోకి, రేడియోల్లోకి వెళ్ళింది. ఇప్పుడు కనురెప్పల మీదికి వచ్చింది. రాయిని మెత్తటి పొడిగా నూరి, ఆ పొడి రేణువుల మీద టైటానియం డయాక్సైడో ఐరన్ ఆక్సైడో పూతగా పట్టిస్తారు. పూత మందాన్నిబట్టి వెలుతురు వెండిలాగా, బంగారంలాగా, నెమలికంఠంలాగా విరుగుతుంది. వేలితో రెప్ప నడుమ అద్దుకునే ఆ మెరుపు ఇదే. మెరవని రంగుల్లో కూడా జారుడుతనం కోసం దీన్ని కలుపుతారు.

ఈ అభ్రకంలో చాలాభాగం జార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ, బీహార్‌లోని నవాదా ప్రాంతాల నుంచి వస్తుంది. 1980 అటవీ సంరక్షణ చట్టం తర్వాత అడవుల్లోని గనులకు లీజులు కొనసాగడం కష్టమైంది. గనులు కాగితాల మీద మూతపడ్డాయి. రాయి భూమిలోనే ఉంది, ఆకలి ఊళ్ళోనే ఉంది. పాత గనుల పక్కన పోసిన గుట్టల్లోంచి, మనిషి పట్టేంత సొరంగాల్లోంచి తునకలు ఏరుకుని అమ్ముకోవడం కుటుంబాల జీవనాధారమైంది. ఆ తునకలను అక్కడ ఢిబ్రా అంటారు. తల్లి ఏరుతుంది. తల్లితో వచ్చిన పిల్లలూ ఏరుతారు. చిన్నవేళ్ళకు చిన్న తునకలు త్వరగా దొరుకుతాయి. సొరంగం కూలినప్పుడు లోపల ఉన్నది చిన్న ఒళ్ళే. 2016లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ విలేకరులు ఆ ప్రాంతాలు తిరిగి, రెండు నెలల్లో ఏడుగురు పిల్లలు ఈ పనిలో చనిపోయారని, ఆ చావులు బయటికి రాలేదని రాశారు. గని చట్టంలో లేదు కాబట్టి చావు కూడా లెక్కలో లేదు. నోరు విప్పితే ఉన్న ఒక్క పనీ పోతుంది.

ఏరిన తునకలను ఊరి వ్యాపారి కొంటాడు. అతని దగ్గర పెద్ద వ్యాపారి, అతని దగ్గర ఎగుమతిదారు, తర్వాత రంగుపొడులు చేసే కంపెనీ, ఆ తర్వాత అలంకరణ సామగ్రి కంపెనీ. ప్రతి మజిలీలోనూ ఒకరి సరుకు ఇంకొకరి సరుకులో కలిసిపోతుంది. చివరి కంపెనీని అడిగితే మా సరుకు ఎక్కడిదో కచ్చితంగా చెప్పడం కష్టమంటుంది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకూడదు అన్న బ్లెండింగ్ సూత్రం కంటి మీద కళ. ఇక్కడ అది బాధ్యత నుంచి తప్పించుకునే పద్ధతి.

అయితే పాతరోజులే నయం, ఇంట్లో చేసుకున్న కాటుకే మంచిది అని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. మా ఇంట్లో కాటుక పట్టేది చిన్నమ్మమ్మ, అంటే మా అమ్మమ్మ చెల్లెలు. పొన్నగంటాకు రసంలో గుడ్డపీలిక తడిపి, నీడలో ఆరబెట్టి, వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించేది. దాని మీద రాగిపళ్ళెం బోర్లించి రాత్రంతా వదిలేసేది. తెల్లారి ఆ మసిని గీకి, చుక్క ఆముదం వేసి రంగరించి భరిణెలో పెట్టేది. చుట్టాలిళ్ళల్లో ఏ బిడ్డ పుట్టినా ఆ భరిణె వెళ్ళాల్సిందే. ఆవిడ చేతికాటుకతో కళ్ళు చల్లగా ఉంటాయని పేరు. ఆవిడకు పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు. అప్పట్నించీ బొట్టు లేదు, పూలు లేవు, కాటుక లేదు. ఆవిడ కాటుకతో తీర్చిన బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుకప్పుడు ఆవిడ వంటింట్లోనే ఉండేది. "మీరూ రండి పిన్నీ" అని ఎవరైనా అంటే "పాలు పొంగుతాయమ్మా, మీరు కానివ్వండి" అనేది. చేతులు పనికొచ్చాయి, మనిషి పనికిరాలేదు.

కోడర్మాలో అభ్రకం ఏరే పిల్లకూ చిన్నమ్మమ్మకూ మధ్య అరవై డెబ్బై ఏళ్ళూ వందల మైళ్ళూ ఉన్నాయి. అయినా ఇద్దరూ ఒకే చోట నిలబడి ఉన్నారు. ఇతరుల కళ్ళకు శోభ ఇచ్చే వస్తువు వీళ్ళ చేతుల్లోంచి వచ్చింది, వీళ్ళ కళ్ళకు మాత్రం రాలేదు. తేడా ఒక్కటే. చిన్నమ్మమ్మ చెయ్యి ఎవరిదో ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ ఏమీ చెయ్యలేదు. దీన్నిబట్టి నాకర్థమైంది, చేసిన చెయ్యి ఎవరిదో తెలుసుకోవడం అవసరమే గాని అదొక్కటే సరిపోదు. వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో పెట్టె మీద రాసినంతమాత్రాన న్యాయం జరగదు. ఆ చేతికి దక్కాల్సింది దక్కుతోందా అన్న రెండో ప్రశ్న కూడా అడగాలి.

మరేం చెయ్యాలి? మానెయ్యడం ఒక దారి. ఇంగ్లండుకు చెందిన లష్ సంస్థ సహజ అభ్రకం వదిలేస్తామని 2014లో ప్రకటించి, 2018 నాటికి ఫ్యాక్టరీలో కృత్రిమంగా చేసిన అభ్రకానికి మారింది. కొన్నవాళ్ళ మనసు తేలికపడింది. కాని అందరూ అలా మారిపోతే ఢిబ్రా ఏరుకునే కుటుంబం ఏం తింటుందన్న ప్రశ్నకు కృత్రిమ అభ్రకం దగ్గర జవాబు లేదు. 2017లో ప్యారిస్‌లో ఏర్పడిన రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్‌లోని కంపెనీలు, అక్కడినుంచి కొంటూనే పరిస్థితులు మారుస్తామంటున్నాయి. అక్కడ ఉండి మార్చడం సరైన మాటే. కాని తమ మీద తామే నిఘా పెట్టుకున్నవాళ్ళ మాటను ఎంతవరకు నమ్మాలో మనకు అనుభవమే. గని చట్టబద్ధం కావాలి, ఏరేవాళ్ళకు గిట్టుబాటు ధర, రక్షణ, పిల్లకు బడి, భోజనం ఉండాలి. ఇవి ప్రభుత్వం నుంచి, పోరాటాల నుంచి రావాల్సినవి. ప్యాలెట్ కొన్నంతమాత్రాన, మానుకున్నంతమాత్రాన రావు.

ఇక్కడ ఒక స్నేహితురాలు అభ్యంతరం చెప్పింది. అది బలమైన అభ్యంతరం. "అభ్రకం కార్ల పెయింట్లలో ఉంది, ప్లాస్టిక్‌లో ఉంది, కరెంటు సామాన్లలో ఉంది. అలంకరణకు వాడేది వాటిముందు తక్కువే. మెటాలిక్ రంగు కారు కొన్నవాణ్ణి ఎవరూ నిలదియ్యరు. ఐషాడో పెట్టుకున్న అమ్మాయినే పాపభీతిలోకి నెడతారు. ఎవరి కోసం అని వేధించింది చాలక ఇప్పుడు ఎక్కడినుంచి అని వేధిస్తారా?" అంది. నిజమే. స్త్రీల సంతోషం మీద పన్ను వెయ్యడం లోకానికి అలవాటు. నా మాట కూడా ఇంకో పన్ను కాకూడదు. కోఠీ సుల్తాన్‌బజార్ ఫుట్‌పాత్ మీద మొదటి జీతంతో నూటయాభై రూపాయల ప్యాలెట్ కొనుక్కునే అమ్మాయిని నేను ప్రశ్నించడం లేదు. ఖరీదైన కృత్రిమ మెరుపు కొనుక్కోగలిగినవాళ్ళకే నీతి అందుబాటులో ఉంటే అది నీతి కాదు, ఇంకొక హోదా.

నేను అడుగుతున్నది మనల్ని. రాసేవాళ్ళను, పాఠాలు చెప్పేవాళ్ళను. ఎందుకంటే కనబడని శ్రమను కనబడేలా చెయ్యడం స్త్రీవాదం చేసిన పెద్దపని. విస్తట్లో అన్నం చూసి, దీన్ని వండిందెవరు, ఆమె ఎప్పుడు తింది అని లోకం చేత అడిగించింది మనమే. ఆ తర్వాత దళిత స్త్రీలు మనల్ని నిలదీశారు. మీరు 'స్త్రీ' అంటున్నప్పుడు ఏ స్త్రీని అంటున్నారు, మీ ఇంటిపని బరువు తగ్గినప్పుడు అది ఎవరి నెత్తిమీదికి వచ్చింది అని. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివాక ఆ ప్రశ్నను తప్పించుకోవడం కుదరదు. అన్నం దగ్గర, ఇంటి పనిమనిషి దగ్గర నేర్చుకున్న ఆ ప్రశ్నను అద్దం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పక్కన పెట్టేస్తున్నాం? దేహ రాజకీయాల గురించి మనం రాసిన పేజీల్లో దేహం మీది చూపు నిండా ఉంది. దేహం మీద పూసిన పదార్థం లేదు. చూపు గురించి మాట్లాడితే బాధితులం మనమే అవుతాం. పదార్థం గురించి మాట్లాడితే మనకన్నా కింద ఇంకో స్త్రీ, ఆమె బిడ్డ కనబడతారు. మౌనానికి ఇది కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

కాబట్టి "నా కోసమే" అన్న జవాబును నేను తిరగరాయను, పొడిగిస్తాను. నా కోసమే, సరే. ఆ 'నేను'లో ఎవరెవరి చేతులు కలిసున్నాయి? సంతోషం మనదే కావచ్చు, మెరుపు మనం చేసింది కాదు. ఈ ఎరుక సంతోషాన్ని చంపాల్సిన పనిలేదు. ఇంకొకరు వండిన అన్నం ఇష్టంగా తింటూనే వండినవాళ్ళ ఆకలి గురించి పట్టించుకోవచ్చు. తినడం మానేస్తే వాళ్ళ కడుపు నిండదు. పట్టించుకోకుండా తింటే మాత్రం ఆ తిండి గురించి స్వేచ్ఛ, ఎంపిక లాంటి పెద్దమాటలు మాట్లాడే హక్కు తగ్గుతుంది.

ఇందులో చెయ్యగలిగిన చిన్నపనులు లేకపోలేదు. కొన్న కంపెనీకి ఒక ఉత్తరం రాయొచ్చు, సి.ఐ. 77019 ఏ జిల్లాలోంచి వచ్చింది, ఏరినవాళ్ళకు కిలోకు ఎంత ఇచ్చారు అని. స్త్రీ అధ్యయనాల తరగతిలో సౌందర్యం పాఠం చెప్పేటప్పుడు మల్వీ, వుల్ఫ్‌ల పక్కన గిరిడీ గని మీద వచ్చిన నివేదికను కూడా పెట్టొచ్చు. గూడూరు చుట్టుపక్కల అభ్రకం పనిచేసిన ఆడవాళ్ళు ఇంకా ఉండగానే వాళ్ళ మాటలు ఎవరైనా రాసిపెట్టొచ్చు. మన సాహిత్యంలో కాటుక మీద ఎన్ని పద్యాలున్నాయో లెక్కలేదు. మసి పట్టిన చేతుల మీద ఎన్ని ఉన్నాయో వెతకొచ్చు.

"ఎవరి కోసం?" అని అడిగే లోకానికి మనం జవాబు బాకీ లేం. నవ్వి ఊరుకోవచ్చు. "ఎవరి చేతులతో?" అన్న ప్రశ్నకు మాత్రం బాకీ ఉన్నాం. ఆ ప్రశ్న ఇంతవరకు మనల్ని ఎవరూ అడగలేదు. అడగవలసిన పిల్ల ఇంకా ఆ గుట్ట మీదే ఉంది.